మా గిరిజ ఏమీ తినలేదు

మా అమ్మాయికి మాత్రలు ఆపేసి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. అందుకే ఇప్పుడు కూర్చుని రాయగలుగుతున్నాను. నెమ్మదిగా, నలుగురికీ పనికొచ్చేలా రాయాలనుకున్నాను గానీ, కలం పట్టుకోగానే కోపం వస్తోంది. రానీ. జబ్బు మీద కోపం ఎప్పుడో పోయింది. అదొక పురుగు, దానికేం తెలుసు? మనుషుల మీద కోపమే ఇంకా పోలేదు.

మాది బోధన్. మా ఆయనకు చిన్న బట్టల దుకాణం ఉంది. ఆయన, నేను, మా అత్తమ్మ, గిరిజ, ఇంట్లో నలుగురమే. మేం లింగాయతులం. మా గడప లోపలికి గుడ్డు కూడా రాదు. నాకు వంట ఇష్టం, తినడం అంతకంటే ఇష్టం. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు. జొన్నరొట్టె పెనం మీద పొంగుతుంటే, పక్కన పచ్చి మెంతాకు సన్నగా తరిగి, ఉల్లిగడ్డ, పల్లీల పొడి, నిమ్మరసం కలుపుతుంటే, ఆ వాసనకు నాకే ఆగేది కాదు. పచ్చిపులుసులో కొత్తిమీర ఎప్పుడూ ఆఖరున పచ్చిగానే వేయాలి, ఉడికితే దాని ప్రాణం పోతుందని అందరికీ చెప్పేదాన్ని. ముల్లంగి తురుము, కీర ముక్కలు, క్యాబేజీ కోసంబరి, పొద్దున అంగడిలో కొన్నవి మధ్యాహ్నానికి పళ్లెంలో ఉండేవి. మాంసం తినే ఇళ్లలో లేనిపోని రోగాలు వస్తాయని, మాకు అలాంటి భయం లేదని అత్తమ్మ అంటుండేది. నేనూ అదే నమ్మాను.

మా ఇంటికి మూడిళ్ల అవతల మార్తక్క ఉండేది. మెథడిస్టు చర్చికి వెళ్లే కుటుంబం. ఆమె మిషను కుట్టేది, ఆమె భర్త కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీ. వాళ్లమ్మాయి రూతు, మా గిరిజ ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. క్రిస్మస్ వచ్చిందంటే మార్తక్క మాకోసం వేరే కొత్త కడాయి తెచ్చి, కొత్త నూనె పోసి గరిజెలు, అంటే కజ్జికాయలు, చేసి పంపేది. అత్తమ్మ తినేది కాదు. నేను, గిరిజ మాత్రం డబ్బా ఖాళీ చేసేవాళ్లం.

గిరిజ ఆరో తరగతిలో ఉండగా, జనవరి ఆఖర్లో, చెరుకు బండ్లు ఊరంతా బారులు తీరి ఉండే రోజుల్లో, మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. బడి నుంచి రూతు పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు కూడా లేవు.

"పిన్నీ, గిరిజ కింద పడ్డది. చెయ్యి కొట్టుకుంటుంది. సార్లు రమ్మంటున్నరు."

నేను వెళ్లేసరికి అయిపోయింది. బడి వరండాలో చాప మీద పడుకోబెట్టారు. పెదవి కొరుక్కుంది, గౌను తడిసింది. చేతిలో ఎవరో తాళంచెవుల గుత్తి పెట్టారు, ముక్కు దగ్గర ఎవరిదో చెప్పు పట్టుకుని ఉన్నారు. నేను ఆ చెప్పును లాగి అవతల పడేశాను. గిరిజ కళ్లు తెరిచి నన్ను చూసి, ఎవరో తెలియనట్టు మళ్లీ మూసుకుంది. ఆ చూపు నేను బతికున్నంత కాలం మర్చిపోను.

ఊళ్లోని డాక్టరు ఎండకు అలా అయిందన్నాడు. జనవరిలో ఎండేమిటి? టానిక్కు రాసిచ్చాడు. పదిహేను రోజులకు ఇంట్లోనే మళ్లీ వచ్చింది. ఈసారి నా కళ్లముందే కుడిచేతి వేళ్లు ముందు వణికాయి. "అమ్మా, నా చెయ్యి నాది కానట్టు ఉన్నది" అంది. ఆ మాట అయ్యీ కాకముందే పడిపోయింది.

నిజామాబాద్ తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు హైదరాబాద్ వెళ్లి తలకు స్కానింగు తీయించుకు రమ్మన్నాడు. తీయించాం. ఆ పెద్ద ఫిల్ము కవరు ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరిగొస్తుంటే ఇందల్వాయి దగ్గర టైరు పోయింది. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని నేను ఆ ఫిల్మును ఆకాశానికి పట్టి చూశాను. బూడిదరంగులో ఒక చిన్న తెల్లటి చుక్క కనిపించింది. గిరిజ నా భుజం మీద నుంచి చూసి, "గది నా తలకాయలోపల ఉన్నదా?" అని అడిగింది. ఏదో దుమ్ము అంటుకుని ఉంటుందిలే అన్నాను.

డాక్టరు దగ్గర ఆ రోజు జనం కిక్కిరిసి ఉన్నారు. లోపల గది, బయట గది అని వేరే లేదు. బల్ల చుట్టూ రోగులు నిలబడే ఉన్నారు. ఆయన ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూసి, అందరికీ వినపడేలా అన్నాడు: "మెదడులో పురుగు తిత్తి. పంది మాంసం తినేవాళ్లకు వచ్చేది ఇది."

"సార్, మేం గుడ్డు గూడ ముట్టం" అన్నాడు మా ఆయన.

ఆయన నవ్వాడు. "మీరు ముట్టరు. పిల్ల బయట ఎక్కడేం తిన్నదో మీకేం తెలుసు? ఇంటికి పోయి నిమ్మళంగా అడగండి."

అంతే. వెనకాల నిలబడిన వాళ్లు ఒక్కొక్కరే వంగి మా పిల్ల ముఖం చూశారు. ఒకామె తన కొంగు పక్కకు లాక్కుంది. గిరిజకు పదకొండేళ్లు. అది నేలకేసి చూస్తూ నిలబడింది. ఆ డాక్టరు చదివిన చదువులో ఆ వాక్యానికి రెండో సగం కూడా ఉండే ఉంటుంది. అది చెప్పడానికి ఆయనకు తీరిక లేకపోయింది. ఆ చెప్పని సగం మా ఇంటిని ఎంత కాల్చిందో ఆయనకు ఎప్పటికీ తెలియదు.

మా ఆయన ఇంటికి రాగానే డాక్టరు మాటను పొల్లుపోకుండా అత్తమ్మకు అప్పజెప్పాడు. నేను వద్దని కళ్లతో చెబుతూనే ఉన్నాను.

ఆ రోజు నుంచి అత్తమ్మ పిల్లకు అన్నం పెడుతూ ఒకసారి, జడ వేస్తూ ఒకసారి అడగడం మొదలుపెట్టింది. మా ఆయన దాన్ని ఒక్కదాన్నే దుకాణానికి పిలిపించుకుని బిస్కెట్లు కొనిచ్చి అడిగాడట. "నేనేం కొట్టను బిడ్డా, నిజం చెప్పు" అన్నాడట. తినలేదంటే నమ్మలేదు. నమ్మనట్టు పైకి కూడా కనిపించనీయలేదు. బిస్కెట్ల పొట్లం మాత్రం తిరిగి తీసుకున్నాడట. ఆ విషయం గిరిజ నాకు చెప్పినప్పుడు నాకు ఆయన ముఖం చూడాలనిపించలేదు. చాలా రోజులు చూడలేదు కూడా.

ఒక సాయంత్రం నేను బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుని బిందెతో లోపలికి వస్తున్నాను. దేవుడి గదిలో అత్తమ్మ గిరిజను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పిల్ల మెడలోని ఇష్టలింగాన్ని దాని అరచేతిలోనే పెట్టి, పైన తన చేయి వేసి గట్టిగా పట్టుకుంది. మా ఆయన గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"లింగం పట్టుకొని అబద్ధం ఆడితే కండ్లు పోతయ్. జెప్పు. తిన్నవా?"

"తినలే అవ్వా."

"మరి గంత పెద్ద డాక్టరు అబద్ధం జెప్తడా? యాడికెల్లి వచ్చింది నీ తలకాయలకు?"

"నాకు తెల్వది."

"మళ్ల గదే మాట. రూతోళ్లింట్ల తిన్నవా? పండుగ నాడు పోయినవ్ గదా? జెప్పు, జెప్తెనే దేవుడు నయం జేస్తడు."

బిందె ఎక్కడ పెట్టానో తెలియదు. "ఇడిసిపెట్టుండ్రి అత్తమ్మా!" అని అరిచాను. నా అరుపు కంటే ముందే గిరిజ గొంతు వచ్చింది. ఏడుపు లేదు, భయం లేదు. పాఠం అప్పజెప్పినట్టు అంది.

"తిన్న. రూతోళ్లింట్ల తిన్న."

అత్తమ్మ చేయి వదిలేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. నేను గిరిజ ముందు కూర్చుని దాని రెండు చేతులూ పట్టుకున్నాను. అరచేతిలో లింగం గుండ్రంగా అచ్చుపడి ఉంది.

"నిజంగ తిన్నవా?" అని నేను అడగలేదు. దాని ముఖం చూస్తేనే తెలుస్తోంది. అదే చెప్పింది.

"తినలే అమ్మా. తిన్న అంటె అవ్వ ఊకుంటదనుకున్న."

అప్పటికే వీధిలో గొంతులు లేచాయి. నేను పరుగెత్తేసరికి అత్తమ్మ మార్తక్క గేటు పట్టుకుని ఉంది. ఇరుగుపొరుగు అరుగుల మీదికి వచ్చేశారు.

"పసిపొల్లకు పంది తినబెట్టి మా వంశం మైల జేసినవ్! నీ గరిజెలు గిందుకేనా?"

మార్తక్క మిషను ముందు నుంచి లేచి వచ్చింది. చేతిలో కత్తెర అలాగే ఉంది. ఆమె ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత కత్తెర కిందపెట్టి అంది.

"అవ్వా, నా పెండ్లయినప్పటి సంది మా ఇంట్ల గా మాంసం వండలే. వండుకున్నా తప్పు గాదు, తినెటోళ్లు తింటరు. అయినా నీ మనుమరాలికి పెడుతనా? మీ ఇంటి పద్ధతి నాకు తెల్వదా?"

"నా మనుమరాలు లింగం పట్టుకొని జెప్పింది!"

నేను మధ్యలోకి వెళ్లాను. "నా బిడ్డ తినలే. అక్క పెట్టలే. అత్తమ్మ బెదిరిస్తె చెప్పింది" అని వీధికంతా వినబడేలా అరిచాను. ఎవరు విన్నారు? కోడలు అత్తమీద అరుస్తోందని మాత్రం విన్నారు. రూతు గుమ్మంలో నిలబడి మా ఇంటివైపు చూసింది. మా గేటు దగ్గర గిరిజ నిలబడి ఉంది. రూతు చూపు అడుగుతోంది. గిరిజ నోరు తెరవలేదు. మార్తక్క కూతురిని లోపలికి తీసుకుని తలుపు వేసుకుంది.

ఆ తర్వాత మూడిళ్ల దూరంలో ఉంటూ ఆ ఇద్దరు పిల్లలూ మాట్లాడుకోలేదు. బడిలో రూతు వేరే బెంచీకి మారింది. గిరిజ బెంచీలో ఎవరూ కూర్చోలేదు. "పంది పురుగు" అని పేరు పెట్టారు. పిల్లలు పెట్టారని వాళ్లను తిట్టడమెందుకు, పెద్దవాళ్ల నోట్లోంచే ఆ మాట వాళ్లకు అందింది.

మార్చిలో ఫిట్స్ ఎక్కువయ్యాయి. ఈసారి నేను మా ఆయన మాటకు ఆగలేదు. నా తమ్ముడిని తోడు తీసుకుని హైదరాబాద్ పెద్దాసుపత్రికి బయలుదేరాను. ఆయన ఆఖరి నిమిషంలో వచ్చి బస్సు ఎక్కాడు. నేను కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆ ఆసుపత్రి హాలు గురించి చెప్పాలి. బెంచీలు నిండిపోయి జనం నేల మీద వరసగా కూర్చున్నారు. డెట్టాల్ వాసన, అరటితొక్కల వాసన, చెమట వాసన. మా పేరు ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలియదు. పిలిచినప్పుడు లేకపోతే మళ్లీ మొదటినుంచి. అందుకని ఎవరూ కదలరు, పిల్లలకు నీళ్లు కూడా తాగించరు. అక్కడే గిరిజకు వచ్చింది. జనం గుండ్రంగా మూగారు. పక్కనే బురఖాలో ఒకామె తన కొడుకును ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆమె కొడుకును నా తమ్ముడి చేతికిచ్చి వచ్చి, గిరిజను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తన దస్తీ తల కింద పెట్టింది. ఎవరో తాళంచెవులు తెస్తే విసిరికొట్టింది. "హటో! హవా ఆనే దో!" అని, గాలి రానివ్వమంటూ అందరినీ వెనక్కి తోసింది. గిరిజ చొంగను తన బురఖా అంచుతో తుడిచింది. తర్వాత నాతో, "మా పిలగానికి గూడ గిదే. నోట్లె ఏం పెట్టకు, పక్కకు తిప్పు, గంతే" అంది. జహీరాబాద్ నుంచి వచ్చానంది. పేరు అడగడం మర్చిపోయాను. ఆమె చెప్పిన ఆ ఒక్క ముక్క బోధన్‌లో గానీ నిజామాబాద్‌లో గానీ ఎవరూ నాకు చెప్పలేదు.

లోపల ఉన్నది పెద్ద వయసు డాక్టరమ్మ. ఫిల్ము చూసింది. మేం చెప్పిందంతా వింది. పంది మాంసం సంగతి మా ఆయన గొంతు తగ్గించి చెప్పబోయాడు. ఆమె చేయెత్తి ఆపేసి గిరిజను దగ్గరికి పిలిచింది.

"ఎవరైనా నిన్ను అడిగారా, తిన్నావా అని?"

గిరిజ తలూపింది.

"చూడమ్మా. సరిగా ఉడకని పంది మాంసం తింటే పేగులో పొడుగు పురుగు పెరుగుతుంది. నీకున్నది అది కాదు. ఆ పురుగు గుడ్లు మనిషి మలంలోంచి బయటికొస్తాయి. ఆ మలం నీళ్లలో కలిసి, ఆ నీళ్లు కూరగాయల మీద పడి, వాటిని పచ్చిగా తింటే గుడ్లు కడుపులోకి పోతాయి. అక్కడ పిల్ల పురుగులై మెదడుకు ఎక్కుతాయి. జీవితంలో మాంసం ముట్టనివాళ్లకు కూడా వస్తుంది. నా దగ్గరికి అలాంటివాళ్లు చాలామంది వస్తారు."

"నేను తినలేదు డాక్టరమ్మా" అంది గిరిజ. అన్ని రోజుల తర్వాత అప్పుడు ఏడ్చింది.

"నాకు తెలుసమ్మా" అంది ఆవిడ.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడకున్న క్యాలెండరు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఫలానా కూర వల్లే వచ్చిందని ఖాయంగా చెప్పలేమని, నీళ్ల వల్ల కావచ్చు, కడగని చేతుల వల్ల కావచ్చు అని కూడా డాక్టరమ్మ చెప్పింది. మా అందరికీ పరీక్షలు చేయించింది. మా ఎవరి కడుపులోనూ ఆ పొడుగు పురుగు లేదు.

పది రోజులు ఆసుపత్రిలో ఉంచుకుని పురుగుకు మందిచ్చారు. ఆ రోజుల్లో తలనొప్పికి గిరిజ మంచం పట్టె పట్టుకుని పళ్లు కొరికేది. పురుగు చచ్చేటప్పుడు అలాగే ఉంటుందన్నారు. ఫిట్స్ రాకుండా మాత్రలు మూడేళ్లు వాడమన్నారు. ఆ మాత్రలకు చిగుళ్లు వాచాయి, నవ్వితే చిగుళ్లే కనిపించేవి. నవ్వడం మానేసింది. క్లాసులో నిద్రపోయేది. సార్లు తిట్టేవారు. ఒకసారి ఊళ్లో ఆ మాత్రలు దొరకలేదు. మందుల దుకాణం రాజన్న తనే బస్సెక్కి నిజామాబాద్ పోయి రెండు పట్టీలు తెచ్చిచ్చాడు. ఏందన్నా ఇంత కష్టం అంటే, "ఒక్క పూట తప్పినా మంచిదిగాదని నాకు తెల్వదా చెల్లె" అన్నాడు.

నా వంటిల్లు ఏమైందో చెప్పాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే కొత్తిమీర కట్టను చెత్తలో వేశాను. మెంతాకు పచ్చడి లేదు, ముల్లంగి లేదు, పచ్చిపులుసు లేదు. ప్రతిదీ ఉడకాలి, ఆపైన ఇంకోసారి ఉడకాలి. పొటాషియం పర్మాంగనేట్ వేసిన గులాబీ రంగు నీళ్లలో కూరలు నానబెట్టి కడిగేదాన్ని. తాగే నీళ్లు కాగేదాకా పొయ్యి మీద ఇంకేదీ పెట్టడానికి వీలుండేది కాదు. నా చేతి వంటకు రుచి పోయింది. గిరిజ ఏమీ అనకుండా తినేది. నాకే ముద్ద దిగేది కాదు. పెళ్లిళ్లకు వెళ్తే ఆకులో వడ్డించిన ప్రతిదాన్నీ అనుమానంగా చూసేదాన్ని. తిండిని ప్రేమించిన మనిషికి తిండంటే భయం పుట్టడం ఎలా ఉంటుందో, అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

వానాకాలం మొదట్లో ఒకరోజు అంగడిలో నేను ఎప్పుడూ కొనే ఆకుకూరల ఆమె వెంట ఆమె మడుల దగ్గరికి వెళ్లాను. కొట్లాడాలనే వెళ్లాను. మడులు ఊరి చివర మోరి పక్కన, ఊరి మురుగంతా పారే కాలువ పక్కన ఉన్నాయి. ఆమె మోరికి అడ్డంగా మట్టికట్ట వేసి నీళ్లు కొత్తిమీరకు మళ్లించుకుంటోంది. నల్లటి నీళ్లు.

"గీ నీళ్లు పెడుతవా అమ్మా? మనుషులు తినేదిగాదా గిది?" అని అడిగాను.

ఆమెకూ కోపమొచ్చింది. "మరి యాడికెల్లి తేవాలె? కాలువ నీళ్లు ఇక్కడిదాంక వస్తయా? మేం గూడ గిదే తింటున్నం."

ఆమె పిల్లలు మడి గట్టు మీద ముల్లంగి పీకి అంగీలకు తుడుచుకుని కొరుకుతున్నారు. ఆమె మీద పెట్టుకున్న కోపం నా చేతుల్లో నిలవలేదు. ఇక ఏం చేయాలో తోచక ఆ మోరి గట్టు వెంటే నడుచుకుంటూ ఇంటికి బయలుదేరాను. చెరుకుతోట వెనకనుంచి, బియ్యం మిల్లు వెనకనుంచి, తాలూకా ఆఫీసు వెనకనుంచి మోరి సాగింది. సాగి సాగి మా గల్లీ వెనకకు చేరింది. మా గల్లీలో ప్రతి ఇంటి పెరటి గోడలోంచీ ఒక గొట్టం బయటికి ఉంది. సండాసుల గొట్టాలు, మరుగుదొడ్లవి. నా ఇంటి గొట్టం కూడా. నేను చూస్తుండగానే ఎవరింట్లోనో నీళ్లు పోశారు, గొట్టంలోంచి దడాలున మోరిలో పడింది.

అక్కడే నిలబడిపోయాను. ఇంతకాలం ఎవరు మైల, ఎవరు శుద్ధం అని మా అత్తమ్మ లెక్కలు తీసింది. మా గల్లీ మలమే కొత్తిమీర మడికి పోయి, కడిగిన పళ్లెంలో మాకు తిరిగి వస్తోంది.

గుడి మండపం దగ్గర గల్లీ పెద్దలు కూర్చుంటే వెళ్లి చెప్పాను. ప్రతి ఇంటికీ గుంత తవ్వుకుందాం, గొట్టాలు మూసేద్దాం అన్నాను. ఒక పెద్దమనిషి, మాలాగే మాంసం తినని ఇంటివాడు, లేచి నిలబడ్డాడు.

"సుమిత్రమ్మా, మాది శుద్ధ శాకాహారం. మా సండాసుల పురుగులు యాడికెల్లి వస్తయ్? పో, తినెటోళ్ల ఇండ్ల గొట్టాలు మూపియ్యి."

నలుగురు నవ్వారు. ఇంకొకాయన, "బిడ్డకు బాగలేక ఆమెకు మనసు మంచిగ లేదు" అని నా తరఫున సర్దిచెప్పాడు. ఆ జాలికి నాకు ఇంకా ఒళ్లు మండింది.

మర్నాడు మా పెరట్లో గుంత తవ్వించాను. మా ఆయన తనే గడ్డపార పట్టుకున్నాడు. చీకటిపడే దాకా తవ్వుతూనే ఉన్నాడు. మర్నాడు దుకాణానికి వెళ్లేముందు గిరిజ ముందు కూర్చుని, "నిన్ను నమ్మలే బిడ్డా. తప్పైంది" అన్నాడు. గిరిజ సరేనంది. సరేనన్నంత మాత్రాన సరిపోయిందా అంటే, లేదు. ఆ తర్వాత చాలా కాలం దానికేం కావాలన్నా నన్నే అడిగేది.

వారం తర్వాత మార్తక్క పెరట్లోంచి కూడా గడ్డపార చప్పుడు వినిపించింది. ఆమె భర్త గుంత తవ్వి, ఇటుకలు పేర్చి, మా కంటే మేలుగా కట్టాడు. మాతో మాటల్లేవు. అయినా కట్టాడు. గల్లీలో ఆ రెండే మూసుకున్నాయి. మిగతా గొట్టాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వెళ్లి చూడాలనుకుంటే చూడొచ్చు.

ఇది చదివే తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది కొంచెమే. మోరి పక్కన పెరిగిన ఆకును పచ్చిగా పెట్టకండి. మాంసం తినం కాబట్టి మాకేం కాదనుకోకండి. పిల్లకు ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. అన్నిటికంటే ముందు, జబ్బుపడ్డ పిల్లను దోషిని చేసి ప్రశ్నలు అడగకండి. అడిగేవాళ్లు ఎవరైనా సరే, అడ్డం నిలబడండి.

గిరిజ తొమ్మిదో తరగతి అయిపోయిన వేసవిలో హైదరాబాద్ డాక్టరమ్మ మళ్లీ స్కానింగు చూసి, తిత్తి ఎండిపోయిందని, మాత్రలు కొద్దికొద్దిగా తగ్గించి ఆపేయొచ్చని చెప్పింది. ఆ మాట వినడానికి మూడేళ్లుగా బతికాను. ఆఖరి మాత్ర వేసుకున్న తర్వాత అత్తమ్మ సంబరంగా అంది.

"జంగమయ్యలను పిలిచి అన్నం పెడుదాం. వీధంత పిలుద్దాం. నువ్వు జేసే పూర్ణం బూరెలు జెయ్యి, గుత్తి వంకాయ జెయ్యి. దేవుడు మన పొల్లను సల్లగ సూసిండు."

అత్తమ్మకు డాక్టరమ్మ చెప్పిందంతా నేను ఎప్పుడో విడమర్చి చెప్పాను. విన్నది. అయినా మార్తక్క ఊసెత్తలేదు. వీధిలో ఎదురైతే పక్కకు తప్పుకునేది. ఎవరైనా అడిగితే మా పిల్లకు ఏదో మెదడు జ్వరమొచ్చిందని చెప్పడం మొదలుపెట్టింది.

"వీధంత అంటె మార్తక్కను గూడ పిలుస్తవా?" అన్నాను.

"ఆమె ఎందుకిప్పుడు? పాత ముచ్చట."

"అత్తమ్మా, నేను పొయ్యి ముట్టియ్య. జంగమయ్యలకు గాదు, మనింట్ల నలుగురికి గూడ. మీరు ఏ గేటు ముందట నిలవడి అన్నరో, గా గేటు ముందట నిలవడి తప్పు మాదని అనేదాంక, గీ ఇంట్ల నేను వంట జెయ్య."

ఆవిడ నవ్వింది. నాకు వంట చేయకుండా ఉండడం చేతకాదని ఆవిడకు తెలుసు. ఆ రోజు నేను పొయ్యి వెలిగించలేదు. గిరిజకు అరటిపండ్లు, పాలు ఇచ్చాను. మా ఆయన హోటలు నుంచి ఇడ్లీలు తెచ్చాడు. అత్తమ్మ హోటలు తిండి ముట్టదు. అటుకులు నానబెట్టుకుని తింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు ఆమె కొడుకుతో ఫిర్యాదు చేసింది.

"నీ పెండ్లాం నన్ను ఉపాసం పెడుతుంది, సూస్తున్నవా?"

మా ఆయన చెప్పులు వేసుకుంటూ, "పో అమ్మా, పోయి ఒక్క మాట అని రా. నేను గూడ వస్త" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన తల్లికి ఎదురు మాట చెప్పడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం నలుగురం వెళ్లాం. ఎండ తగ్గింది కాబట్టి అరుగుల మీద జనం ఉన్నారు. అత్తమ్మ గేటు దగ్గర ఆగింది. మార్తక్క మిషను చప్పుడు ఆగింది. ఆమె బయటికి వచ్చి మమ్మల్ని చూసి మెట్టు మీదే నిలబడిపోయింది. రమ్మనలేదు.

అత్తమ్మ గేటు పట్టుకుంది.

"మార్తమ్మా, మా పొల్లకు నువ్వు ఏం పెట్టలే. నేనే బెదిరిచ్చి చెప్పిచ్చిన. తప్పు నాది."

మార్తక్క ముఖంలో ఏమీ మారలేదు.

"గిప్పుడంటున్నవా అవ్వా? నా బిడ్డ బడిల ఎన్నిసార్లు ఏడ్చిందో తెలుసా? కుట్టుపనికి వచ్చెటోళ్లు సగం మంది బంద్ చేసిండ్రు. నేను మర్చిపోను. మర్చిపోయిన అని అబద్ధం గూడ చెప్పను."

ఆమె కోపం నా కోపం కంటే న్యాయమైనది. దాన్ని చల్లార్చడానికి నాకు హక్కు లేదు.

అప్పుడు గిరిజ మా వెనకనుంచి ముందుకు వచ్చింది. గేటు తీసుకుని మెట్టు దాకా వెళ్లి, మార్తక్క వైపు కాకుండా లోపల గుమ్మంలో నిలబడ్డ రూతు వైపు చూసి అంది.

"గప్పుడు నేను అబద్ధం చెప్పిన. మీరేం పెట్టలే. నాకు భయమైంది."

రూతు కదల్లేదు. మార్తక్క గిరిజను పైనుంచి కిందికి చూసింది. వాచిన చిగుళ్లు దాచుకోవడానికి మూసుకున్న పెదవులు, పీలగా పొడుగైన చేతులు. ఒక్క క్షణం ఆమె చేయి గిరిజ తల వైపు లేచి ఆగింది. తర్వాత మా ముగ్గురి వైపు తిరిగింది.

"మీరు పోండ్రి. పిల్లను ఉండనియ్యుండ్రి."